జొన్నరొట్టె ఆవుకు పెట్టిన ఆరు వారాలు

“ఏంటత్తయ్యా ఇది?”

“కండ్లు కనిపిస్తలేవా? రొట్టె.”

“రొట్టే. పొద్దున్నే లేచి, చేతులు కాల్చుకుని, మీ పళ్ళెంలో పెట్టిన రొట్టె. పెరట్లో బకెట్ కిందికి నడుచుకుంటూ వెళ్ళిందా?”

“ఆకలి కాలే. జరసేపాగి తిందామని మూసిపెట్టిన.”

“నిన్నటిది కూడా జరసేపాగి తిందామనేనా? ఇందులో రెండున్నాయి.”

“నా మీద కావలి కూసున్నవా? పోలీసోళ్ళ ఇంటి పిల్లవని పెండ్లప్పుడు ఎవ్వరు చెప్పలే నాకు.”

“కావలి ముందే కూర్చోవాల్సింది. వెనక గదిలో అద్దెకున్న వాళ్ళు నిన్న నాకు థాంక్స్ చెప్పారు. ‘అక్కా, బామ్మగారి గుగ్గిళ్ళు సూపర్’ అని. కరివేపాకు ఒక రెబ్బ ఎక్కువ తుంచితే చెయ్యి పట్టుకునే మనిషి, ఆరుగురికి ఉత్తినే గుగ్గిళ్ళు పెడుతోందంటే నాకప్పుడే తెలియాలి.”

“పెడితే పుణ్యమే గాని పాపమా?”

“అవి డాక్టరమ్మ మీకు రాసిచ్చిన గుగ్గిళ్ళు! రొట్టె ఆవుకి, గుగ్గిళ్ళు వాళ్ళకి. ఆరు వారాల నుంచి మరి మీరేం తింటున్నారు?”

“నా కడుపు సంగతి నాకెర్క. నువ్వు నిన్నగాక మొన్న వచ్చినదానివి.”

“వచ్చి ఎనిమిదేళ్ళయింది. సాయంత్రం అయిదింటికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అన్నీ తిన్నానని ఆయనకి చెబుతారా? చెప్పండి, చెబుతారా?”

చెప్పాలనే అనుకున్నాను, తిన్నానని.

రెండు రోజులుగా మా సందులోకి ఆవు రాలేదు. వచ్చి ఉంటే ఆ రొట్టెలు కోడలి చేతికి దొరికేవి కావు. తిండిని చెత్తకుండీలో వేయడం నాకు చేతకాదు. మెతుకు మిగిలితే ఏదో ఒక నోట్లో పడాలి తప్ప మట్టిలో పడకూడదనే ఇంట్లో పుట్టాను. అందుకే దాచాను, దొరికిపోయాను.

ఆ సాయంత్రం పంజాగుట్ట డాక్టరు దగ్గర తేలవలసిన సంగతి ఒక్కటే. నాకు మతి పోతున్నదా, లేదా? పోతున్నదని డాక్టరు అంటే మతిమరుపుకీ నిద్రకీ మాత్రలు మొదలవుతాయి. మాత్రలు మొదలైన రోజు నుంచి నేను స్టవ్ ముట్టుకోకూడదు. ఇది నా కొడుకు చెప్పిన మాట. వాడు గట్టిగా కూడా చెప్పలేదు, నెమ్మదిగా, నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. గట్టిగా చెప్పి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడని ముసలిదానికి హాల్లో మంచమే మిగులుతుంది. ఆ మంచం మీద కూర్చుని, ఎవరైనా అటూ ఇటూ నడిచినప్పుడల్లా కాళ్ళు ముడుచుకుంటూ ఉండాలి. మా అత్త అట్లాగే ఉండి పోయింది. నేనే ఆమెను అక్కడ కూర్చోబెట్టాను.

మా ఇల్లు అమీర్‌పేటలో ఎనభై గజాల ఇల్లు. మా ఆయన సనత్‌నగర్‌లో మిషన్ మీద పని చేసిన రోజుల్లో కొన్నాడు. అప్పుడు ఈ సందులో చీకటి పడితే కుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆయన పోయాక కంప్యూటర్ కోర్సులు వచ్చాయి. ఇక ఏ గోడ చూసినా కోర్సు బోర్డులు, ఏ మెట్ల కింద చూసినా జనమే. నా కొడుకు అటువంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాడు. కోడలు గుంటూరు వైపు నుంచి అక్కడే కోర్సు చదవడానికి వచ్చి, వాడిని చేసుకుని మా ఇంటికి వచ్చింది. మేడ మీద ఒక గది వేయించుకున్నారు, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ ఆ గదిలోనే. కింద హాలు, వంటిల్లు, వెనక ఒక గది. ఆ వెనక గదిని కోర్సులు చేసేవాళ్ళకు అద్దెకిచ్చాం. మొదట నలుగురే. నాలుగు మంచాల మధ్య నడవడానికి చాలా చోటు ఉందనిపించి ఆరుగురిని చేసింది నేనే. “అమ్మా, కష్టమైతది” అని కొడుకు అంటే, “పండుకోనీకె వస్తున్నరా, పందిట్ల ఆడనీకె వస్తున్నరా?” అన్నాను.

నిద్ర పట్టకపోవడం ఆ తర్వాతే మొదలైంది. పదింటికి నడుం వాలిస్తే పన్నెండింటికే కళ్ళు విచ్చుకునేవి. మళ్ళీ మూతపడేవి కావు. పగలంతా తల లోపల తడిగుడ్డ పెట్టినట్టు ఉండేది. బియ్యం కడుగుతూ ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. కోపానికి కారణం అక్కర్లేకపోయింది. ఒకరోజు స్టవ్ బటన్ తిప్పి, అగ్గిపుల్ల గీయడం మరిచి, తలుపు దగ్గరికేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. వాసన పట్టి కోడలు పరుగెత్తుకొచ్చి కిటికీలు తెరిచింది. ఆమె ముఖం చూశాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. ఇంకోరోజు వెల్లుల్లి కోసం మెయిన్ రోడ్డు మీదికి పోయి, వెనక్కి తిరిగితే మా సందు ఏదో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళు నడిచిన సందు. అన్ని సందుల మొగదలా అవే బోర్డులు, అవే కాగితాలు పంచేవాళ్ళు. నిలబడ్డచోటే నిలబడ్డాను. చివరికి మా వెనక గదిలో ఉండే ఒకతను చూసి, “ఏం బామ్మగారూ, ఇటు రండి” అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇంట్లో చెప్పొద్దన్నాను. చెప్పేశాడు.

అట్లా పంజాగుట్టకు మొదటిసారి పోయాం. డాక్టరు పెద్దాయన, తొందరపడే మనిషి కాదు. ఈ రోజు వారమేమిటి, వందలోంచి ఏడు తీస్తే ఎంత, గడియారం బొమ్మ గీయండి అన్నాడు. నేను మూడో తరగతి చదివాను. లెక్క చెప్పాను, గడియారంలో ముల్లు మాత్రం తప్పు పెట్టాను. ఏం తింటారని అడిగాడు. తెల్లన్నం, చారు, మజ్జిగ అన్నాను. రోజూ సాఫీగా అవుతుందా అని అడిగాడు. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు. అవుతుందన్నాను.

మాత్రలకంటే ముందు ఆరు వారాలు తిండి మార్చి చూద్దామని పక్క గదిలోకి పంపాడు. అక్కడ తిండి సంగతులు చెప్పే డాక్టరమ్మ ఉంది. చిన్నదే, కోడలి ఈడుది. జొన్నరొట్టె, పొట్టుతో పెసలు, గుగ్గిళ్ళు, బార్లీ నీళ్ళు, రాత్రి అన్నం మజ్జిగలో నానబెట్టి పొద్దున ఉల్లిగడ్డతో తినడం, ఇట్లా ఒక కాగితం మీద రాసింది.

“ఇవన్నీ నా చిన్నప్పటి తిండ్లే కదమ్మా” అన్నాను. “గివి తినుడు బంద్ చేసి తెల్లబువ్వ తింటే పైకొచ్చినమనుకున్నం.”

ఆమె నవ్వి, పేగుల్లో కంటికి కనబడని మంచి జీవులుంటాయనీ, వాటికి తిండి ఈ పీచేననీ, దీన్నే ప్రీబయోటిక్ అంటారనీ చెప్పింది. పేగులకూ మెదడుకూ మధ్య మాటామంతీ నడుస్తూ ఉంటుందట. కడుపు కుదురుగా ఉంటే నిద్రకూ మనసుకూ మేలు జరగవచ్చునని ఇప్పుడిప్పుడే కనుక్కుంటున్నారట.

“తోడు ఉండంగనే పెరుగైతదా? పాలు సుత పొయ్యాలె. అంతేనా?” అన్నాను.

“అంతే బామ్మగారూ. మీ లోపల తోడుంది. పాలు పోయడం లేదు మీరు.”

కాబట్టి నాకు అర్థం కాక కాదు. పళ్ళు లేక కాదు, నమ్మకం లేక కాదు. జొన్నరొట్టె నా కడుపుకు పాత చుట్టం. రాత్రి రొట్టె తింటే తెల్లవారి అయిదింటికల్లా దొడ్డికి పోవాలి. అక్కడే వచ్చింది చిక్కంతా.

కింద దొడ్డి ఒక్కటే ఉంది, నడవా చివర. మొదటి బ్యాచ్ ఆరున్నరకని ఆరుగురూ నాలుగున్నరకే లేస్తారు. భుజాన తువాళ్ళు, నోట్లో బ్రష్షులు, వరసగా గోడకు ఆనుకుని నిలబడతారు. ఒకడు బయటికి రాకముందే ఇంకొకడు తలుపు కొడతాడు. “భాయ్, లోపల సాఫ్ట్‌వేర్ రాస్తున్నవా?” అని అరుస్తాడు. మిగిలినవాళ్ళు నవ్వుతారు. బ్యాచ్ నుంచి వచ్చాక స్నానాలకు మళ్ళీ మొదలు, తొమ్మిది దాకా ఇదే వరస. ఆ వరసలో నేను చెంబు పట్టుకుని నిలబడాలా? మా కాలపు ఆడవాళ్ళం ఊళ్ళో చీకటి ఉండగానే పోయి వచ్చేవాళ్ళం. మమ్మల్ని మగవాడు ఆ పని మీద పోతుండగా చూశాడంటే ఆ రోజంతా తలెత్తేవాళ్ళం కాదు. పైన కొడుకు గదిలో ఇంకొకటి ఉంది, నిజమే. కొడుకు రాత్రి చివరి బ్యాచ్ చెప్పి వచ్చి ఎనిమిది దాకా పడుకుంటాడు. మొగుడూ పెళ్ళాలు పడుకున్న గది తలుపు కొట్టి, వాళ్ళ మంచం పక్కనుంచి చెంబుతో నడిచిపోయే తల్లి ఏ ఇంట్లోనూ ఉండదు. నేనూ పోలేదు.

ఒకటి రెండు రోజులు ఆపుకున్నాను. పదింటికి అందరూ వెళ్ళాక పోతే కడుపు పలకలేదు. పిలిచినప్పుడు పోకపోతే అది అలిగి కూర్చుంటుంది. అప్పుడు ఒక ఉపాయం తోచింది. తింటేనే కదా? పీచున్నది మానేశాను. కూర మానేసి చారు. చారులో కూడా పప్పు కిందే వదిలేసి పైతేట. సాయంత్రమైతే నీళ్ళు రెండు గుక్కలే. మూడు రోజులకొకసారి మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ముక్కి మూలిగి పోయి వచ్చేదాన్ని. కడుపు రాయిలా ఉండేది. ఇంత తెలివిగా ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నానని లోపల గర్వం కూడా ఉండేది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

డాక్టరమ్మ కాగితం ఇచ్చినప్పుడు నా గుండె అందుకే జారింది. అవి తింటే పొద్దున ఆగదు. తినకపోతే మతి నిలవదు. రెంటికీ మధ్య ఆరు వారాలు ఆవును మేపాను.

గొడవ అయిన సాయంత్రం ముగ్గురం ఆటోలో బయలుదేరాం. మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. కోడలు రోడ్డు వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి నాతో మాట లేదు, కొడుక్కీ ఇంకా ఏమీ చెప్పలేదు. పంజాగుట్ట చౌరస్తా ముందు ఆటో ఆగిపోయింది. అటు బస్సు, ఇటు బస్సు, ముందు నాలుగు వరసల బళ్ళు. ఆటో అతను ఇంజను ఆపేసి, “ఫికర్ జెయ్యకు అమ్మా, ఆస్పత్రి ఎక్కడికీ పోదు” అన్నాడు. ఆ మాటకు కొడుకు నవ్వాడు. నేను వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంటున్నాను. సోమవారం, మంగళవారం, ఈ రోజు బుధవారం. వందలోంచి ఏడు తొంభైమూడు. తొంభైమూడులోంచి ఏడు... అక్కడ ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగాను.

డాక్టరు అవే అడిగాడు. వారం చెప్పాను. తొంభైమూడు దాకా చెప్పాను. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు, కాసేపటికి అడిగితే రెండే వచ్చాయి. మూడోది నాలుక చివర ఉంది, రాలేదు.

“తిండి మార్చారా?” అన్నాడు.

“మార్చినం సార్” అన్నాడు కొడుకు. “మా ఆవిడ రోజూ చేసి పెడుతున్నది.”

“అయినా నిద్ర లేదు, చిరాకు తగ్గలేదు, మరుపు ఇంకొంచెం పెరిగింది.” డాక్టరు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. “అయితే ఇక మందులు మొదలుపెడదాం.”

పెన్ను మూత తీశాడు. కోడలు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడుగుతున్నది. మీరు చెబుతారా, నేను చెప్పనా? నేను నేల వైపు చూశాను.

“ఆమె ఏదీ తినలేదు సార్” అంది కోడలు. “ఒక్క రోజు కూడా.”

కొడుకు నోరు తెరిచాడు. “అమ్మా?”

“ఎందుకమ్మా?” అన్నాడు డాక్టరు.

ఇద్దరు మగవాళ్ళు నా ముఖంలోకి చూస్తున్నారు. ఒకడు నేను కన్నవాడే అయినా సరే, దొడ్డి మాట వాళ్ళ ముందు ఎట్లా ఎత్తను? “గట్లనే” అన్నాను. ఎంత పిచ్చి జవాబో నాకే తెలిసింది. పిచ్చిదని రాయడానికి ఇంకేం కావాలి? డాక్టరు కాసేపు పెన్ను అట్లాగే పట్టుకుని, మూత పెట్టి, “ముందు పక్క గదిలోకి వెళ్ళి రండి. ఆడవాళ్ళే వెళ్ళండి” అన్నాడు. ఆ చివరి మాట ఆయన ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటకు నేను ఋణపడి ఉన్నాను.

డాక్టరమ్మ తలుపు మూసింది. తిండి సంగతి అడగలేదు. “బామ్మగారూ, పొద్దున లేచాక ఏం చేస్తారు, వరసగా చెప్పండి” అంది.

“లేస్త. కూసుంట.”

“ఎక్కడ?”

“మంచం మీద.”

“ఎంతసేపు?”

“వాళ్ళు పోయేదాంక.”

“ఎవరు?”

ఇక దాచలేకపోయాను. “గా ఆరుగురు మొగోళ్ళు. నాలుగున్నరకే లేచి దొడ్డి ముంగట లైన్ల నిలబడ్తరు. ఎట్ల పోవాలె తల్లీ నేను, వాళ్ళ ముంగటికెల్లి చెంబు వట్టుకొని? రొట్టె తింటె పోకుంట ఆగదు. అందుకే తినలే. నీళ్ళు సుత తాగలే. నాకు పిచ్చి లేదు.”

చివరి మాట గట్టిగా వచ్చింది. గోడ అవతల కొడుక్కి వినపడి ఉంటుంది.

కోడలు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది. “పైన మా బాత్‌రూమ్ ఉందిగా అత్తయ్యా” అంది.

“మీ మంచం పక్కపొంటి నడుసుకుంట పోవాల్నా? సిగ్గు శరం లేదా నాకు?”

“నాకైనా చెప్పొచ్చుగా!”

“చెప్తే నువ్వు వాడికి చెప్తవు. వాడు గా పిలగాండ్లను ఎల్లగొడ్తడు. మేడ మీద గది అప్పు ఎవరు కట్టాలె?”

“అందుకని మీరు తిండి మానేస్తారా? నెలలపాటు? పిచ్చి లేదంటారు మళ్ళీ!”

డాక్టరమ్మ ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది. ఎన్ని రోజులకొకసారి అవుతుంది, నీళ్ళెన్ని తాగుతారు, కడుపు నొప్పి ఉందా, అన్నీ అడిగి రాసుకుని, ఆ కాగితం తానే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళింది.

డాక్టరు చదివి నన్ను కోప్పడలేదు. కొడుకు వైపు తిరిగాడు. “నీళ్ళు లేవు, తిండి లేదు, కడుపు ఖాళీ కాలేదు, నిద్ర లేదు. ఈ స్థితిలో ఉన్న మనిషికి మతి పరీక్ష పెట్టి తేల్చేస్తే తప్పు నాది అవుతుంది” అన్నాడు. “రక్త పరీక్షలు రాస్తాను. రెండు నెలలు ఇవన్నీ సరిచెయ్యండి. అప్పుడు మళ్ళీ చూస్తాను.”

“తింటె మతి వస్తదా సార్?” అన్నాను.

“ఆ మాట నేను ఇవ్వలేను. పీచు మందు కాదు. దానితో నిద్ర బాగుపడవచ్చు, మనసు తేలిక కావచ్చు. మరుపు నిజంగానే మొదలై ఉంటే, అప్పుడు దాని సంగతి దానికి చూద్దాం. ఒక్కసారిగా ఎక్కువ తినకండి, గ్యాస్ పట్టి మళ్ళీ మానేస్తారు. సగం రొట్టెతో మొదలుపెట్టండి. నీళ్ళు తప్పకుండా తాగండి.”

“అప్పటిదాంక స్టవ్?” అన్నాను. నేను వచ్చింది దాని కోసమే కదా.

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు, “రెండు నెలలయ్యాక చూద్దాం సార్” అంది. ఎదురు చెప్పబోయాను. కానీ గ్యాస్ వాసన పట్టి పరుగెత్తుకొచ్చిన రోజు ఆమె ముఖం నాకు గుర్తుంది. ఆ గుర్తు మాత్రం పోలేదు.

ఇప్పుడు రాస్తుంటే తెలుస్తున్నది, ఆ తర్వాత నిద్ర ఒక్కరోజులో రాలేదు. కొన్ని వారాలకు రెండు గంటలు నాలుగయ్యాయి. రొట్టె వల్లనో, సమయానికి దొడ్డికి పోవడం వల్లనో, దాచుకున్నది బయట పడటం వల్లనో నేను చెప్పలేను. డాక్టరమ్మ కూడా మొత్తం పేరు రొట్టెకే ఇవ్వొద్దంది. తొంభైమూడులోంచి ఏడు తీస్తే ఇప్పటికీ కాసేపు ఆగాల్సి వస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అసలు పంచాయితీ మొదలైంది.

“ఇద్దరిని ఖాళీ చెయ్యమంట” అన్నాడు కొడుకు. “నలుగురే ఉండాలె. అప్పుడే చెప్పిన నీకు.”

“నడి కోర్సుల ఎటు పోతరు వాళ్ళు? ఎస్.ఆర్. నగర్ల గదులన్నీ నిండినయి.”

“నీకు వాళ్ళ మీద జాలి ఉన్నదా, అద్దె మీద జాలి ఉన్నదా?”

“రెండింటి మీద.”

“ఎవరూ వెళ్ళక్కర్లేదు” అంది కోడలు. స్టూలు వేసుకుని నడవా మేకు మీద నుంచి పాత తాళం కప్ప తీసింది. “నాలుగుంపావు నుంచి అయిదున్నర దాకా ఆ తలుపుకి తాళం. తాళంచెవి అత్తయ్య దగ్గర. వాళ్ళు అయిదున్నర తర్వాత వాడుకుంటారు. మరీ తొందరైన వాళ్ళు మేడ మీదికి రావచ్చు, ఆ టైముకి నేను లేచే ఉంటాను.”

“మీ గదిలకా? పరాయి మొగోళ్ళు?” అన్నాను.

“మరేం చెయ్యను? మీరు రారు, వాళ్ళనైనా రానివ్వండి.”

“ఎందుకు తాళమని అడిగితే?”

“ఎందుకో చెప్తాం. వాళ్ళ అమ్మలు వెళ్ళరా? వాళ్ళ నానమ్మలు వెళ్ళరా?”

“వద్దు. నా పేరు చెప్పొద్దు. నల్లా నీళ్ళు వస్తలేవని చెప్పు.”

“ఆరు వారాలు అబద్ధాలతోనే గడిచాయి. ఇక నేను చెప్పను.”

ఆమె తాళం కప్పను చప్పుడయ్యేలా స్టూలు మీద పెట్టింది. కోపం అనుకున్నాను. అప్పుడు చూశాను, కళ్ళు నిండి ఉన్నాయి. నేను ఓదార్చే మనిషిని కాదు. “సరే, పో” అన్నాను.

కొడుకు వెనక గదికి వెళ్ళాడు. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడ్డాను. వాడు మూడు మాటల్లో చెప్పేశాడు. ఎవరో ఒకరు నవ్వుతారని కాచుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక గొంతు మాత్రం, “అన్నా, గిదా సంగతి? మాకు ముందే చెప్తే అయిపోవు గదా” అంది. ఇంకొక గొంతు, “మేం నాలుగింటికే కానిచ్చేస్తాం లెండి” అంది. నా చెవులు కాలిపోయాయి. ఆరుగురికీ తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఎవరి ముఖం చూసినా నాకిదే గుర్తుకొస్తుంది, నన్ను చూస్తే వాళ్ళకూ ఇదే గుర్తుకొస్తుంది.

కోడలు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. సగం రొట్టె, పొట్టు పెసరపప్పు, ఉల్లిముక్కలు, చెంబెడు నీళ్ళు. నేను తినేదాకా లేవలేదు. ఒక్కొక్క ముక్కా మింగుతుంటే తెల్లవారి అయిదింటి సంగతే గుర్తొచ్చింది. “నీళ్ళు కూడా” అంది. తాగాను.

మర్నాడు నాలుగున్నరకు లేచాను. నడవాలో లైటు వేసి ఉంది. కోడలు ముందే వేసిపోయిన తాళం తీసి లోపలికి పోయి గడియ పెట్టుకున్నాను. పావుగంట కూర్చున్నాను. బయట చెప్పుల చప్పుడైంది. “ఆగు, బామ్మ లోపలున్నది” అని ఎవరో మెల్లగా అన్నారు. చెప్పులు వెనక్కి మళ్ళాయి. తలుపు ఎవరూ కొట్టలేదు. ఇంకో పావుగంట కూర్చున్నాను. చాలా రోజులకు కొంచెం అయింది, పూర్తిగా కాలేదు. బయటికి వస్తే ఇద్దరు వెనక గది గుమ్మం మీద బ్రష్షులతో కూర్చుని ఉన్నారు. ఒకడు పుస్తకంలోకి చూస్తున్నాడు. ఇంకొకడు కాళ్ళు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చాడు. నేను చెంబు కొంగు కింద దాచుకోలేదు, మరిచిపోయాను. కాళ్ళూ చేతులూ కడుక్కుని వంటింట్లోకి పోయాను. కోడలు స్టవ్ ముందు నిలబడి పాలు కాస్తున్నది. పక్కకు జరగలేదు. “అయిందా?” అంది. “కొంచెం” అన్నాను. కత్తిపీటా, బీరకాయలూ నా ముందు పెట్టింది. కూర్చుని చెక్కు తీయడం మొదలుపెట్టాను.